తొమ్మిదో తరగతి, ఒక నదిరాయి

నార్వాలో ఫిబ్రవరి నెల, ఉదయం ఎనిమిదైనా
రాత్రి కిటికీకి అంటుకునే ఉంటుంది.
నదికి ఈవల ఒక కోట, ఆవల ఒక కోట,
ఐదువందల ఏళ్ళుగా
రెప్ప వెయ్యకుండా చూసుకుంటున్నాయి.
ఈవలి కోటకు కూతవేటు దూరంలో మా బడి.

బల్ల మీద ఒక రాయి పెట్టాను.
నది ఒడ్డున దొరికింది, గుప్పెడంత,
బూడిదరంగు, చెప్పుకోదగ్గదేమీ లేదు.
సగం మందితో అన్నాను: దీన్ని మాకు అమ్మండి.
మిగతా సగంతో: దీనంటే మాకు భయం పుట్టించండి.
ఒక్క అబద్ధం కూడా ఆడకూడదు.
ఇరవై నిమిషాలు.

యెసేనియా తన ఎర్ర శాలువా పరిచి
రాయిని దీపం కింద పెట్టి ఫొటో తీసింది.
"నీకంటే ముందు పుట్టింది. నీ తర్వాతా ఉంటుంది.
దీన్ని చూసిన అదృష్టవంతులు ఇక్కడ పదకొండుగురే."
నిజమే, ఆ వేళ గదిలో ఉన్నది పదకొండుగురమే.
రాస్ముస్ జేబులోంచి రెండు యూరోలు తీశాడు,
నవ్వుతూనే, కానీ తీశాడు.

గ్లెబ్ వెనక బెంచీ పిల్లాడు, నోరు విప్పడు.
కాగితం మీద ఖాళీ ఉయ్యాల గీశాడు.
ఉయ్యాల కింద రాయి.
"ఇది అక్కడికి ఎలా వచ్చిందో ఎవరూ చెప్పడం లేదు."
అంతే. ఒక్క అబద్ధమూ లేదు.
రాయిని కాస్త పక్కకు జరపమంటే
ఒక్కరూ ముట్టుకోలేదు.
"నిప్పు లేనిదే పొగ రాదు కదా," అంది లీసి, సగం వేళాకోళంగా.
"పొగ అమ్మే దుకాణాలున్నాయి, లీసీ."

అప్పుడు చెప్పాను మా నాన్న గురించి.
నూలుమిల్లులో బ్యానర్లు రాసేవాడు.
ఎర్రగుడ్డ, తెల్లరంగు, వెడల్పాటి కుంచె.
అక్షరం నిటారుగా ఉంటే జనం నమ్ముతారు,
కొంచెం ముందుకు వాలితే నడుస్తారు, అనేవాడు.
ఇంటికొచ్చి టర్పెంటైన్‌తో వేళ్ళు కడుక్కునేవాడు.
తను రాసింది తను నమ్మాడో లేదో
నేను అడిగేలోపే పోయాడు.
గోళ్ళ సందుల్లో తెలుపు మాత్రం పోలేదు.

చెవిలో పువ్వు పెట్టేవాడు
ముందు చెవి నిమురుతాడు, పిల్లలూ.
ఆ నిమురుడు పసిగట్టండి.
ఒళ్ళు ఝల్లుమన్నప్పుడు,
కోపం కమ్మగా ఉన్నప్పుడు,
"నేను ముందే అనుకున్నా" అనిపించినప్పుడు
ఒక్క ఊపిరి ఆగండి.
వేలు ఫోను మీదే ఉండనీండి, నొక్కకండి.

నా గొంతు బాగా పలికింది. నాకే వినబడింది.

గ్లెబ్ చెయ్యెత్తాడు.
"మీ నాన్నగారి గోళ్ళ సంగతి మాకెందుకు చెప్పారు మేడమ్?
పాఠానికి కావాలనా, మీ మాట మేం వినాలనా?
టర్పెంటైన్ వాసన నిజంగా వచ్చింది నాకు."
ఆగి, మళ్ళీ,
"పోయిన వారం చూపించిన మూడు వీడియోలూ
ఆవలి ఒడ్డువే.
ఈవలివి దొరకలేదా, వెతకలేదా?"

వీళ్ళింట్లో ఆవలి ఒడ్డు టీవీ
పగలంతా వాగుతూనే ఉంటుందని నాకు తెలుసు.
తాతయ్య దాని ముందే భోంచేస్తాడు, దానికే జవాబు చెబుతాడు.
ఆ మాట అనేయొచ్చు.
నాలిక చివరిదాకా వచ్చింది.
అదీ నిజమే. అబద్ధం కాదు కనకే
మింగడం కష్టమైంది.

సుద్దముక్క తీసుకుని
పోస్టర్ల పేర్ల వరుసలో నా పేరు చేర్చాను,
పక్కన వాడు అడిగింది అడిగినట్టు రాశాను.
అక్షరాలు ముందుకు వాలాయి.
తుడిచి నిటారుగా రాయబోయి ఆగాను,
నిటారుగా ఉంటే నమ్ముతారు కదా.
చివరికి వంకరటింకరగా రాశాను.
లీసి పగలబడి నవ్వింది.

వెతకలేదు, అన్నాను.

ఆ రాయిని గ్లెబ్ అడిగి పట్టుకెళ్ళాడు.
సోమవారం చెప్పాడు:
తాతయ్య దాన్ని శుభ్రంగా కడిగి
ఊరుతున్న క్యాబేజీ జాడీలో
పళ్ళెం మీద బరువు పెట్టాడట.
"ఎక్కడిదని అడగలేదా?"
"అడిగాడు. నదిదన్నాను.
ఏ ఒడ్డుది, అన్నాడు.
తెలీదన్నాను."